‘తక్’ అంటే లోపా, దాకానా?
భోపాల్‌పట్నం పిల్లల ఇంగ్లిష్ ప్రశ్నలు

భోపాల్‌పట్నంలో ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల తలలో అప్పటికే రెండు భాషలు కాపురం చేస్తుంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. దోర్లా, గోండు ఇళ్ళ పిల్లలకైతే మూడు. వీటన్నిటి మీదా ఇంగ్లిష్ వచ్చి కూర్చోవాలి. బస్తర్ అనగానే మన సిబ్బంది కుటుంబాలకు అడవి గుర్తొస్తుంది గానీ తెలుగు గుర్తుకు రాదు. హైదరాబాదు నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ నెంబరు జాతీయ రహదారి ఆఖరయ్యేది భోపాల్‌పట్నంలోనే. ఇంద్రావతి దాటితే మహారాష్ట్ర వైపు సిరోంచ, అక్కడా తెలుగే. ఆ ఇంద్రావతి భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2007లో బీజాపూర్ జిల్లా ఏర్పడ్డాక ఈ ఊరు ఆ జిల్లాలో భాగమైంది. పాలన ఛత్తీస్‌గఢ్‌ది కాబట్టి ఫారాలు, బోర్డులు, పాఠ్యపుస్తకాలు హిందీలో ఉంటాయి. కౌంటరు ముందు నిలబడి “సారూ, పైసలు పడ్డయా?” అని అడిగే గొంతు మాత్రం తెలుగులో ఉంటుంది.

ఆ శాఖలో పనిచేసిన రోజుల్లో ఆదివారాలు మా సిబ్బంది పిల్లలూ, చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలూ కలిసి ఏడెనిమిది మంది ఇంగ్లిష్ సందేహాలతో వచ్చేవారు. కొందరి చూపు బ్యాంకు పరీక్ష మీద. ఐబీపీఎస్ ప్రొబేషనరీ ఆఫీసర్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. 2020లో రాష్ట్ర ప్రభుత్వం స్వామి ఆత్మానంద్ పేరుతో ప్రభుత్వ ఇంగ్లిష్ మీడియం బడులు మొదలుపెట్టింది కాబట్టి చిన్న తరగతుల పిల్లల తల్లిదండ్రులకూ ఈ ఆత్రం ఉంది.

ఆ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే ఇంగ్లిష్ రావటం లేదేమోనండీ, మానిపించేద్దామా?” బదిలీ మీద వచ్చిన మన కుటుంబాల్లో ఈ మాట మరీ ఎక్కువ. మానిపించవద్దనే చెప్పేవాణ్ణి, ఇప్పటికీ అదే చెబుతాను. అభిమానంతో చెప్పే మాట కాదిది. ఇంగ్లిష్‌లో చిక్కుగా కనిపించే కొన్ని తేడాలు తెలుగులో ముందే ఉన్నాయి, హిందీలో లేవు. మరికొన్ని హిందీలో ఉన్నాయి, తెలుగులో లేవు. రెండూ వచ్చిన పిల్ల చేతిలో రెండు తాళంచెవులు ఉన్నట్టు లెక్క. ఏ తాళానికి ఏది పడుతుందో ఎవరూ చూపించకపోవటమే ఇబ్బంది. కింద రాసిన ప్రశ్నలన్నీ ఆ పిల్లలు అడిగినవే. మీ ఇళ్ళలో పిల్లలు కూడా అడిగే ఉంటారు.

లోపు, దాకా

పన్నెండో తరగతి చదివే అమ్మాయి అడిగింది: “‘బై థర్టీ ఫస్ట్ మార్చ్’ అన్నా ‘టిల్ థర్టీ ఫస్ట్ మార్చ్’ అన్నా ‘ఇకతీస్ మార్చ్ తక్’ అనే కదా సార్. మరి ఒకటి రాస్తే తప్పు ఎందుకు కొడతారు?”

హిందీలోంచి చూస్తే ఆమె ప్రశ్న న్యాయమైనదే. ‘తక్’ రెండు పనులూ చేస్తుంది. అదే ప్రశ్నను తెలుగులోకి తెస్తే జవాబు ఆమె నోట్లోనే ఉంది. “మార్చి 31 లోపు డబ్బు కట్టాలి” అంటాం. “మార్చి 31 దాకా ఇక్కడే ఉంటాను” అంటాం. “31 దాకా డబ్బు కట్టాలి” అంటే రోజూ వచ్చి కడుతూనే ఉండాలేమో అనిపిస్తుంది. “31 లోపు ఇక్కడే ఉంటాను” అంటే అసలు అర్థమే కుదరదు. ఒక్కసారి జరిగి ముగిసిపోయే పనికి గడువు చెప్పేటప్పుడు ‘లోపు’, అక్కడ ‘బై’. ఆ తేదీ వచ్చేవరకూ సాగుతూ ఉండే పనికి ‘దాకా’, అక్కడ ‘టిల్’ లేదా ‘అంటిల్’. “కౌంటరు నాలుగింటి దాకా తెరిచి ఉంటుంది” అన్నప్పుడు ‘అంటిల్ ఫోర్’. “నాలుగింటి లోపు వచ్చెయ్యండి” అన్నప్పుడు ‘బై ఫోర్’. ఆ అమ్మాయి మళ్ళీ తప్పలేదు, ఎందుకంటే ఆమె కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

ఈ రెండక్షరాల మాట బరువెంతో పంట రుణం తీసుకున్న ఇంటికి తెలుస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఇచ్చే స్వల్పకాలిక పంట రుణానికి రాయితీ వడ్డీ 7 శాతం. గడువులోపు తిరిగి కట్టినవారికి మరో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. గడువు దాటితే ఆ 3 శాతం చేజారినట్టే. లక్ష రూపాయల మీద ఏడాదికి మూడు వేలు. ఫోనులో వచ్చిన ఇంగ్లిష్ మెసేజి ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి చెప్పేది బడికి వెళ్ళే పిల్లలే. వాళ్ళు ‘బై’ అన్న మాటను ‘ఆ తేదీ దాకా ఏం పరవాలేదు’ అన్నట్టుగా చెబితే, పోయేది మార్కు కాదు.

అయితే మన ‘లోపు’లోనూ ఒక ఇరుకుంది. “31 లోపు” అంటే 31వ తేదీ కలిసిందా, కలవలేదా? దీని మీద కౌంటరు దగ్గర జరిగే వాదనలు మీలో చాలామంది వినే ఉంటారు. ఇంగ్లిష్‌లో ‘బై థర్టీ ఫస్ట్’ అంటే మామూలుగా 31 కలిసినట్టే. ‘బిఫోర్ థర్టీ ఫస్ట్’ అంటే 30తో సరి. సందేహం ఉన్నప్పుడు ఒక రోజు ముందే కట్టెయ్యటం ఏ వ్యాకరణం కన్నా మంచి పద్ధతి.

నుంచి, గా

‘సిన్స్’, ‘ఫర్’ గురించి అడగని పిల్లలు లేరు. “రెండేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాం” అన్న వాక్యాన్ని ఎవరిచేత చెప్పించినా “వుయ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్” అనే వస్తుంది. పెద్దవాళ్ళలోనూ, ఆఫీసు ఉత్తరాల్లోనూ ఇదే. కారణం దాచిపెట్టినదేమీ కాదు. తెలుగులో “2021 నుంచి”, “రెండేళ్ళ నుంచి” రెండూ ‘నుంచి’తోనే నడుస్తాయి. హిందీలోనూ ‘సే’ ఒక్కటే.

పుస్తకాలు చెప్పే సూత్రం ఏమిటంటే, మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం చెబితే ‘ఫర్’. పిల్లలు దీన్ని అప్పజెబుతారు, వాక్యం రాసేటప్పుడు మర్చిపోతారు. తెలుగులో దీనికి ఒక పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. “రెండేళ్ళుగా ఉంటున్నాం” బాగానే ఉంది. “మూడు రోజులుగా జ్వరం” బాగానే ఉంది. “2021గా ఉంటున్నాం”, “సోమవారంగా జ్వరం” అని ఎవరూ అనరు. ‘గా’ పట్టిన చోట ‘ఫర్’, పట్టని చోట ‘సిన్స్’. “ఫర్ టూ ఇయర్స్”, “ఫర్ త్రీ డేస్”, “సిన్స్ ట్వెంటీ ట్వెంటీ వన్”, “సిన్స్ మండే”. ఐదో తరగతి పిల్లవాడు కూడా దీన్ని ఐదు నిమిషాల్లో పట్టుకున్నాడు. హిందీలోంచి వచ్చే పిల్లలకు ఈ సౌకర్యం లేదు.

క్రియ సంగతి వేరు. ‘ఆర్ లివింగ్’ అన్నప్పుడు ఇంగ్లిష్‌వాడి కన్ను ఇప్పటి మీదే ఉంటుంది. వెనకటి నుంచి ఇప్పటిదాకా ఉన్న దారినంతా చూపాలంటే ‘హావ్ బీన్ లివింగ్’ అనాల్సిందే. ఇందులో తెలుగూ సాయపడదు, హిందీ కూడా సాయపడదు. రెండూ ఇక్కడ వర్తమానంతోనే పని కానిచ్చేస్తాయి. వాడుకతో రావాలి.

కానీ ఉత్త ‘హావ్’ దగ్గర హిందీ పనికొస్తుంది. తెలుగులో “తిన్నాను” అన్న ఒక్క మాట ‘ఐ ఏట్’ కీ ‘ఐ హావ్ ఈటెన్’ కీ సరిపోతుంది. హిందీలో ‘ఖాయా’, ‘ఖాయా హై’ అని రెండున్నాయి. ఈ తేడా చెవిన పడ్డ పిల్లలకు ‘హావ్’ ఎందుకుందో త్వరగా అర్థమవుతుంది: పని ముగిసింది, దాని ఫలితం ఇప్పుడు మన ముందుంది. “ఐ హావ్ డిపాజిటెడ్ ద మనీ” అంటే డబ్బు కట్టేశాను, ఇప్పుడు ఖాతాలో ఉంది, చూసుకోండి అని. ఇంతవరకూ హిందీ మంచి దారే చూపిస్తుంది. తర్వాత అదే దారి తప్పిస్తుంది. హిందీలో “కల్ జమా కియా హై” అనటానికి అడ్డు లేదు. దాన్ని నమ్ముకుని “ఐ హావ్ డిపాజిటెడ్ ఇట్ యెస్టర్‌డే” అంటారు. నిన్న, పోయిన వారం, 2019లో అని గడిచిపోయిన సమయం నోటితో చెప్పామంటే ఇంగ్లిష్‌లో ‘హావ్’ పక్కకు తప్పుకోవాలి. “ఐ డిపాజిటెడ్ ఇట్ యెస్టర్‌డే.” నేను గమనించినంతలో, తెలుగు మీద ఆనుకున్న పిల్లలు ‘హావ్’ వాడాల్సిన చోట మానేస్తారు, హిందీ మీద ఆనుకున్న పిల్లలు మానాల్సిన చోట వాడతారు. తప్పు చూడగానే ఆ పిల్ల ఏ గట్టు మీంచి దూకిందో చెప్పవచ్చు.

“అవును, రాలేదు”

అన్నిటికన్నా ప్రమాదకరమైన తేడా ఏదంటే నా ఓటు దీనికే. పుస్తకాల్లో దీనికి అరపేజీ కూడా ఉండదు.

“కార్డు ఇంకా రాలేదా?” అని అడిగితే, రాకపోతే మనం “అవును, రాలేదు” అంటాం. అడిగినవాడు అన్న మాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. హిందీలోనూ “హాఁ, నహీఁ ఆయా” అనటం మామూలే. జపాన్, చైనా భాషల్లోనూ ఇదే పద్ధతి. ఇంగ్లిష్ పద్ధతి తిరగేసి ఉంటుంది. అక్కడ ‘యెస్’, ‘నో’ అనేవి ప్రశ్న వేసిన మనిషితో ఏకీభవించటానికి కాదు, జరిగిందా లేదా అన్నదానికి. “హావెంట్ యూ రిసీవ్డ్ ద కార్డ్?” అని అడిగితే, రాకపోతే “నో”. వస్తే “యెస్”.

ఇప్పుడు ఫోన్లో ఇంగ్లిష్‌లో మాట్లాడే కస్టమర్ కేర్ ఉద్యోగిని ఊహించుకోండి. “హావెంట్ యూ రిసీవ్డ్ ద రీఫండ్, సర్?” అని అడుగుతాడు. మనవాడు తెలుగులో ఆలోచించి “యెస్” అంటాడు. అవతలివాడు ‘ముట్టింది’ అని రాసుకుని ఫిర్యాదు మూసేస్తాడు. నాలుగు రోజులు ఎదురుచూసి మళ్ళీ ఫోను చేస్తే “మీరే ముట్టిందన్నారు” అంటారు. ఇద్దరూ అబద్ధమాడలేదు. “డిడ్ యూ నాట్ డూ దిస్ ట్రాన్సాక్షన్?” అన్న ప్రశ్నకు ‘యెస్’ అంటే ఏమవుతుందో బ్యాంకు ఇళ్ళవాళ్ళకు విడిగా చెప్పనక్కర లేదు. మీకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోయినప్పుడు అడిగే ప్రశ్న అది.

దీనికి నేను చెప్పే ఉపాయం వ్యాకరణానిది కాదు. ఇంగ్లిష్‌లో ‘నాట్’ ఉన్న ప్రశ్న వినబడితే ఉత్త ‘యెస్’, ఉత్త ‘నో’ అనకండి. వాక్యం మొత్తం చెప్పండి. “ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ఇట్.” “ఐ డిడ్ నాట్ డూ దిస్ ట్రాన్సాక్షన్.” ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ రెండు వాక్యాలూ కాగితం మీద తెలుగు లిపిలో రాసి ఫోను పక్కన పెట్టినా తప్పులేదు.

అచ్చు వినబడితే ‘యాన్’

‘ఎ’, ‘యాన్’ ఎక్కడ ఏది అన్నది చిన్న పిల్లల ప్రశ్న. ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు ‘యాన్’ అని బడిలో నేర్పుతారు. అది సగం నిజం. లెక్క రాతది కాదు, పలికే శబ్దానిది. ఇక్కడ తెలుగు లిపి అక్కరకొస్తుంది. ఆ ఇంగ్లిష్ మాటను పలికినట్టుగా తెలుగులో రాయండి. మొదటి అక్షరం అచ్చు అయితే ‘యాన్’, హల్లు అయితే ‘ఎ’. అవర్, ఆనెస్ట్ అచ్చులతో మొదలవుతాయి కాబట్టి ‘యాన్ అవర్’, ‘యాన్ ఆనెస్ట్ మ్యాన్’. యూనివర్సిటీలో ముందున్నది ‘య’ కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. మన బ్యాంకు పొడి అక్షరాలన్నీ ఈ లెక్కకు లొంగుతాయి: యాన్ ఏటీఎమ్, యాన్ ఈఎమ్ఐ, యాన్ ఎస్ఎమ్ఎస్, యాన్ ఎఫ్‌డీ, యాన్ ఆర్‌బీఐ సర్క్యులర్. అటుపక్క ఎ కేవైసీ ఫారమ్, ఎ యూపీఐ పేమెంట్, ఎ నెఫ్ట్ ట్రాన్స్‌ఫర్. రూపాయి నోటును ‘ఎ వన్ రుపీ నోట్’ అనాలి, ‘వన్’లో ముందు వినబడేది ‘వ’ కనుక. ఆ నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం కాక కేంద్ర ఆర్థిక కార్యదర్శి సంతకం ఎందుకుంటుందని పిల్లలు అక్కణ్ణుంచి ఇంకో దారి పట్టారు. దాన్ని అచ్చువేసేది రిజర్వు బ్యాంకు పేరు మీద కాదు, భారత ప్రభుత్వం పేరు మీద, అందుకని.

ఒక్క జాగ్రత్త. మన నోళ్ళకు ‘ఎ’ను ‘యె’ చేసే అలవాటుంది. పాత బోర్డుల మీద ‘యమ్.యల్.ఏ’ అని ఉంటుంది. అలా రాసుకుంటే లెక్క తప్పుతుంది. ‘ఎమ్మెల్యే’ అనే రాయాలి, ‘యాన్ ఎమ్మెల్యే’ అనే అనాలి.

ఉంది, ఉంటోంది

“ఐ యామ్ హేవింగ్ టూ చిల్డ్రన్”, “ఐ యామ్ నోయింగ్ హిమ్” లాంటి వాక్యాలను చూసి నవ్వటం తేలిక. తెలుగులో అలా ఎవరూ అనరని గుర్తుచేస్తే చాలు. “నాకు ఇద్దరు పిల్లలు ఉంటున్నారు” అంటామా? “నాకు ఇద్దరు పిల్లలున్నారు.” “నాకు అతను తెలుసు.” ఇంగ్లిష్ కూడా అంతే, “ఐ హావ్”, “ఐ నో”. తెలుగును సరిగ్గా అనుసరిస్తే రాని తప్పు ఇది. ఇంగ్లిష్‌లో ‘ఇంగ్’ తగిలిస్తే గొప్పగా ఉంటుందన్న భ్రమతో వచ్చేది. “ఐ యామ్ హేవింగ్ లంచ్” మాత్రం సరైనదే, ఎందుకంటే అక్కడ ‘హావ్’ అంటే తినటం, జరుగుతున్న పని.

ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు

అప్పు గురించి బ్యాంకు పిల్లలే తికమకపడటం చూస్తే నవ్వొస్తుంది. “కెన్ యూ బారో మీ యువర్ పెన్?” తెలుగులో ‘అప్పు’ ఒక్కటే, ఇవ్వటం, తీసుకోవటం విడి మాటల్లో చెబుతాం. హిందీలో ‘ఉధార్ దేనా’, ‘ఉధార్ లేనా’ అంతే. ఇంగ్లిష్‌లో దిక్కు క్రియలోనే ఇమిడి ఉంది. బ్యాంకు ‘లెండ్’ చేస్తుంది, ఖాతాదారు ‘బారో’ చేస్తాడు. అమ్మ లేదా నాన్న బ్యాంకులో పనిచేస్తారు కాబట్టి మా వాళ్ళు లెండర్లు అని గుర్తుపెట్టుకుంటే సరి. కానీ ఇంగ్లిష్ అన్నిచోట్లా ఇంత కచ్చితంగా ఉండదు. “ఐ రెంటెడ్ ఎ హౌస్” అంటే అద్దెకు తీసుకున్నాడా, ఇచ్చాడా? సాధారణంగా తీసుకున్నాడనే. ఇచ్చినవాడు ‘రెంటెడ్ అవుట్’ అనాలి. తెలుగులో ఈ గొడవే లేదు. బదిలీల మీద తిరిగే కుటుంబాలకు ఇది పనికొచ్చే సంగతి.

ఫార్మర్ అంటే రైతు కాదు

ఉమ్మడి ఖాతా ఫారంలో ‘ఈదర్ ఆర్ సర్వైవర్’, ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటాయి. రెండో దాన్ని రైతులకు వేరే సౌకర్యం అనుకుని టిక్కు పెట్టినవాళ్ళు ఉన్నారు. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒకేలా ఉండటం వాళ్ళ తప్పు కాదు. ‘ఫార్మర్ చీఫ్ మినిస్టర్’ అని పేపర్లో చూసిన పిల్లలు దాన్ని ‘మాజీ’ అంటారు. ఇక్కడ ఆ అర్థం కూడా కాదు. ఇద్దరి పేర్లు చెప్పినప్పుడు ముందు చెప్పినది ‘ఫార్మర్’, తర్వాతది ‘లాటర్’. ‘ఈదర్’ అంటే ఇద్దరిలో ఎవరైనా సరే.

తేడా చిన్నది కాదు. భార్యాభర్తల పేరు మీద ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని ఖాతా తెరిస్తే ఇద్దరిలో ఎవరు వచ్చినా డబ్బు తీసుకోవచ్చు. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అయితే మొదటి పేరు ఉన్నవారు బతికున్నంతకాలం రెండో పేరువారు తీసుకోలేరు. భర్త పేరు ముందుండి, ఆయన ఆసుపత్రిలో సంతకం పెట్టలేని స్థితిలో ఉంటే, భార్య పాస్‌బుక్కు పట్టుకుని కౌంటరు ముందు నిలబడి ఏం చెయ్యగలదు? మన ఇళ్ళలోని ఖాతాలు, డిపాజిట్ రసీదులు ఒకసారి తీసి ఆ గడిలో ఏముందో చూడండి. ఇంగ్లిష్ పాఠంగానే పిల్లలచేత చదివించండి.

చెక్కు మీది ఇంగ్లిష్ కూడా ఇలాంటిదే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881, 18వ సెక్షను ప్రకారం అంకెల్లో ఒకటి, అక్షరాల్లో మరొకటి ఉంటే అక్షరాల్లో ఉన్న మొత్తమే లెక్క. ఆచరణలో అలాంటి చెక్కు తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ అనుకోండి. ఎలా చూసినా సంఖ్యల స్పెల్లింగు పిల్లలకు నేర్పవలసిన అసలైన స్పెల్లింగు. ‘ఫోర్’లోని ‘యు’ ‘ఫోర్టీన్’లో ఉంటుంది, ‘ఫార్టీ’లో పోతుంది. ‘నైన్’లోని చివరి ‘ఇ’ ‘నైన్టీ’లో ఉంటుంది, ‘నైన్త్’లో పోతుంది. ముందు సంఖ్య ఉన్నప్పుడు ‘హండ్రెడ్’, ‘థౌజండ్’లకు ‘ఎస్’ రాదు, ‘ఫైవ్ థౌజండ్ రుపీస్’ అనాలి. చివర ‘ఓన్లీ’ రాసేది ఆ తర్వాత ఇంకో మాట ఎవరూ ఇరికించకుండా.

ఈ ‘ఓన్లీ’ని మనం మాటల్లో మరీ ఉదారంగా వాడతాం. “నిన్ననే వచ్చాను” అన్నదానికి “ఐ కేమ్ యెస్టర్‌డే ఓన్లీ”. తెలుగులో ‘ఏ’, హిందీలో ‘హీ’ చేసే పనిని ఇంగ్లిష్‌లో చాలాసార్లు గొంతు చేస్తుంది. ఏ మాట మీద బరువు వెయ్యాలో ఆ మాటను ఒత్తి పలుకుతారు. రాసేటప్పుడైతే “ఐ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే” అని ముందుకు తెస్తే చాలు.

‘డూ ద నీడ్‌ఫుల్’, ‘ప్రీపోన్’, ‘కజిన్ బ్రదర్’ తప్పులేనా అని ఒక కుర్రవాడు సవాలుగా అడిగాడు. మొదటిది తప్పు కాదు, పాతది. ఇంగ్లండులో పక్కన పెట్టేసిన మాటను మన ఆఫీసులు భద్రంగా దాచుకున్నాయి. రెండోది మన దేశంలో బలపడి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకూ ఎక్కింది, నాకు ఇష్టమైన మాట కూడా. ‘పోస్ట్‌పోన్’ ఉన్నప్పుడు దానికి తోడు ఉండవద్దా? మూడోది పరీక్షలో రాయకండి, ‘కజిన్’ చాలు. మేనబావా, పెద్దనాన్న కొడుకూ ఒకే మాటలో ఇమిడిపోవటం మనకు వెలితిగా ఉంటుంది, నిజమే. నామినేషన్ ఫారంలో సంబంధం రాసేటప్పుడు ‘అంకుల్’ అని వదిలెయ్యకుండా ‘మెటర్నల్ అంకుల్’, ‘పెటర్నల్ అంకుల్’ అని రాస్తే మేనమామ, బాబాయి వేరుపడతారు.

‘మీరు’ ఎలా అనాలి?

“మేనేజరుగారితో ఇంగ్లిష్‌లో మాట్లాడితే ‘నువ్వు’ అన్నట్టు ఉంటుంది సార్, భయమేస్తుంది” అంది ఒక చిన్న పాప. చక్కటి సందేహం. తెలుగులో నువ్వు, మీరు ఉన్నాయి. హిందీలో తూ, తుమ్, ఆప్ అని మూడు మెట్లున్నాయి. ఇంగ్లిష్‌లో ‘యూ’ ఒక్కటే. కానీ మర్యాద లేని భాష కాదది. మర్యాద సర్వనామంలోంచి క్రియ వైపు జరిగింది. “గివ్ మీ ఎ ఫారమ్” అంటే “ఫారం ఇవ్వు”. “కుడ్ యూ గివ్ మీ ఎ ఫారమ్, ప్లీజ్?” అంటే “ఫారం ఇస్తారాండీ?” ‘కెన్’ బదులు ‘కుడ్’, ‘విల్’ బదులు ‘వుడ్’ వేస్తే ‘అండి’ చేర్చినట్టే. పేరు వెనక ‘సర్’ తగిలించే మన అలవాటు బయటి దేశాల్లో వింతగా ఉంటుంది. అక్కడ ఇంటిపేరు ముందు ‘మిస్టర్’, ‘మిజ్’ చాలు.

ఇంగ్లిష్ పేదరికం నిజంగా బయటపడేది ‘వుయ్’ దగ్గర. తెలుగులో మనం వేరు, మేము వేరు. “మనం వెళ్దాం” అంటే వినేవాడు కూడా వస్తాడు. “మేము వెళ్తాం” అంటే రాడు. హిందీ ‘హమ్’కూ ఇంగ్లిష్ ‘వుయ్’కీ ఈ తేడా తెలియదు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ వ్యాకరణంతోనూ, 1840 నాటి బ్రౌన్ వ్యాకరణంతోనూ తెలుగు నేర్చుకున్న తెల్లదొరలు ఒక్క ‘వుయ్’ను రెండుగా చీల్చుకోవటం నేర్వాల్సి వచ్చింది. మన పిల్లల కష్టం తిరగేసినది: రెండు మాటలను ఒక్కదాంట్లో కుక్కాలి. అప్పుడు అవతలివాడికి అనుమానం రాకుండా మరో మాట చేర్చాలి. “వుయ్ ఆల్”, “యూ అండ్ ఐ” అంటే మనం. “మై ఫ్యామిలీ అండ్ ఐ” అంటే మేము.

ఒక్కచోట మాత్రం ఇంగ్లిష్‌కూ ఈ తేడా ఉంది, చాలామంది గమనించరు. ‘లెట్స్’, ‘లెట్ అజ్’. పొట్టిగా ‘లెట్స్ గో’ అంటే ఎప్పుడూ “మనం వెళ్దాం” అనే. విడదీసి ‘లెట్ అజ్ గో’ అంటే “మమ్మల్ని వెళ్ళనివ్వండి” అని కూడా అర్థం వస్తుంది. మేడారం జాతరకు వెళ్ళటానికి సెలవు కావాలని ఒక తరగతి పిల్లలంతా కలిసి ప్రిన్సిపాల్‌కు ఇంగ్లిష్‌లో అర్జీ రాశారనుకోండి. “ప్లీజ్ లెట్ అజ్ లీవ్ ఎర్లీ” అని రాస్తే పిల్లలకు సెలవు అడిగినట్టు. “లెట్స్ లీవ్ ఎర్లీ” అని రాస్తే ప్రిన్సిపాల్‌ను కూడా జాతరకు బయల్దేరమన్నట్టు.